మంచు కట్టిన ఏసీ గదిని ఎందుకు చల్లబరచదు?

మే నెల. ఏసీ నడుస్తూనే ఉంది, గదిలో మాత్రం ఉక్కపోత. మూత ఎత్తి చూస్తే లోపల తెల్లగా మంచు! అంత చల్లదనం ఉండీ గదికి ఎందుకు అందడం లేదు?

నిజానికి ఏసీ చల్లదనాన్ని తయారుచేయదు. గదిలోని వేడిని బయటికి మోసుకెళ్తుంది, అంతే. లోపలి గొట్టాల్లోకి ద్రవంగా వచ్చిన గ్యాస్, ఫ్యాను పీల్చిన గాలి నుంచి వేడి లాక్కుని ఆవిరవుతుంది. మామూలుగా ఆ గొట్టాలు 0 డిగ్రీలకు పైనే ఉంటాయి. గాలిలోని తేమ నీరై కారిపోతుంది. ఫిల్టరుకు దుమ్ము పట్టిందనుకోండి. గాలి తగ్గుతుంది, గొట్టాలకు అందే వేడీ తగ్గుతుంది. అవి 0 డిగ్రీల కిందికి జారితే, కారాల్సిన నీరు అక్కడే గడ్డకడుతుంది. ఆ మంచు మిగిలిన గాలికీ అడ్డుపడుతుంది. దాంతో మరింత మంచు!

కత్తితో గీకకండి, గొట్టానికి చిల్లు పడుతుంది. కూలింగ్ ఆపి ఫ్యాను మాత్రమే నడిపితే మంచు కరుగుతుంది. తర్వాత స్విచ్ కట్టేసి, పెద్దవాళ్ల సాయంతో ఫిల్టరు తీసి, కడిగి, ఆరబెట్టి బిగించాలి.

మళ్లీ మంచు కట్టిందా? గ్యాస్ తగ్గి ఉండొచ్చు. పీడనం తగ్గితే అది ఇంకా తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే మరుగుతుంది మరి. కానీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకవుతున్నట్టే. లీకు వెతక్కుండా గ్యాస్ నింపేసి వెళ్లే మెకానిక్‌ను నేనైతే మళ్లీ పిలవను. కొత్త ఏసీల్లో చాలావాటిలో వాడే ఆర్-32 గ్యాస్‌కు నిప్పంటుకోగలదు కూడా. అందుకే ఆ పని నేర్చినవాళ్లే చేయాలి.