నడిమి గోడ

విడవలూరులో తాపీపని చేసి బతికినవాణ్ణి. ఎవరింటికి పోయినా ముందు గోడ మీద చెయ్యేసి చూస్తాను. లండన్‌లో మా అబ్బాయి దగ్గరికి పోయినప్పుడు బెడ్‌ఫర్డ్ స్క్వేర్‌లోనూ అదే పని చేశాను. నడుమ తోట, చుట్టూ నాలుగు వైపులా ఒకదాన్నొకటి ఆనుకున్న ఇటుక ఇళ్లు. 1775లో మొదలుపెట్టి కట్టినవి. 1714 నుంచి 1830 దాకా జార్జి పేరున్న రాజులే నలుగురు వరసగా ఏలారు గనక ఆ కాలపు కట్టడాల్ని జార్జియన్ అంటారు.

రెండిళ్లకీ నడుమ ఒకటే గోడ. ఆ గోడ గురించి లండన్ వాళ్లకు పట్టింపు రావడానికి కారణం నిప్పు. 1666లో లండన్ తగలబడ్డాక చట్టాలు మొదలయ్యాయి. ఒక కప్పు మంట పక్క కప్పుకు పాకకుండా నడిమి గోడను కప్పు దాటించి 18 అంగుళాలు లేపమంది 1707 చట్టం. ఏ తరగతి ఇంటికి గోడ ఎంత మందం ఉండాలో 1774 చట్టం తేల్చింది. కిటికీ చెక్క కూడా ఇటుక వెనక దాగాలంది. పొగగొట్టాలు సైతం ఆ నడిమి గోడలోంచే పైకి పోతాయి.

వంటిల్లు నేలకింద. చుట్టాలు కూర్చునే గది మెట్లెక్కాక, అందుకే ఆ అంతస్తు కిటికీలు అన్నిటికన్నా పొడుగు. పనివాళ్లు పడుకునే పై అంతస్తుకొచ్చేసరికి కురచైపోతాయి.

నా కన్ను మాత్రం ఇటుక వరసల మీదే ఉండిపోయింది. ఒకటి పొడుగ్గా, ఒకటి అడ్డంగా, వరసంతా అంతే. అడ్డం ఇటుక లోపలిదాకా పోయి ముందు పొరనీ వెనక పొరనీ కలిపి పట్టుకోవాలి. ఆ కాలంలో లండన్‌లో చాలాచోట్ల ముఖానికి ఖరీదైన ఇటుక, వెనక చౌక ఇటుక వాడి, అడ్డం ఇటుకల్ని సగానికి కొట్టి తల మాత్రం కనిపించేలా పెట్టేశారు. స్థలం ఏళ్ల లెక్కన లీజుది, కట్టినవాడు అమ్ముకుని పోయేవాడు. అలాంటి ముఖాలు తర్వాత ఉబ్బి ముందుకొచ్చాయి. లోపల పడుకునేవాడికి కనబడని చోట ఇటుక మిగుల్చుకోవడం నా దృష్టిలో దొంగతనమే.

మా ఊళ్లోనూ గోడకు గోడ కలిసిన పాత ఇళ్లున్నాయి, గుల్లసున్నంతో కట్టినవి. ఒక్కొక్కటే పడగొట్టి స్లాబు వేస్తున్నారు. పక్కిల్లు పోగానే మిగిలిన గోడ మీద వాళ్ల దీపపు గూళ్లు, దూలాలు పెరికేసిన బొక్కలు ఎండావానల్లో బయటపడతాయి. అడుగు వరసలు అప్పటికే ఉప్పు పట్టి పొడి రాలుతుంటాయి.

ఇంగ్లండులో ఉమ్మడి గోడను ముట్టుకోవాలంటే రెండు నెలల ముందు పక్కవాళ్లకు రాతపూర్వకంగా చెప్పాలని 1996లో చట్టం చేశారు. పాత ఇల్లు పడగొట్టించాలని నా దగ్గరికొచ్చే కుర్రాళ్లకు నేనూ అదే చెబుతాను. అబ్బయ్యా, ముందు పక్కింటి పెద్దాయన్ని పిలిచి గోడ చూపించు. వాళ్ల దూలాలు ఏ బొక్కలో కూర్చున్నాయో చూసి, ఆసరా కర్రలు పెట్టాకే గునపం వెయ్యి. బయటపడ్డ పాత ఇటుకకు సిమెంటు పూయొద్దు, చెమ్మ లోపలే నిలిచి ఇటుకను తినేస్తుంది. సున్నమే పూయించు, ఆ ఖర్చు నువ్వే పెట్టుకో.