జుట్టు మాత్రా... హెచ్‌ఐవీ పరీక్షా!

శామీర్‌పేట పక్కనే తుర్కపల్లి. టీకాలకూ మందులకూ పేరున్న జీనోమ్ వ్యాలీ అక్కడే. ఆ చుట్టుపక్కల ఉన్నా, మేడ్చల్‌లో ఉన్నా పరీక్ష చీటీ చేతికొస్తే ఓ సందేహం సహజం. రోజూ వేసుకునే మాత్రలు హెచ్‌ఐవీ ఫలితాన్ని తారుమారు చేస్తాయా?

బీపీ, షుగరు మాత్రలు, యాంటీబయాటిక్స్, ఐరన్, కాల్షియంతో ఆ భయం అక్కర్లేదు. పరీక్ష వెతికేది వైరస్ భాగాల్నీ, దానిమీద ఒంట్లో పుట్టే యాంటీబాడీల్నీ.

పేచీ అల్లా బయోటిన్‌తోనే. అదే, జుట్టు రాలకుండా చాలామంది మింగే మాత్ర! పెద్దవాళ్లకు రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు. కొన్ని మాత్రల్లో 10 మిల్లీగ్రాములుంటుంది, అంటే మూడొందల రెట్లు పైనే. కొన్ని ల్యాబ్ యంత్రాలు పరీక్షలో బయోటిన్‌నే జిగురులా వాడుకుంటాయి. రక్తంలోనూ అది ఎక్కువైతే ఉన్న జబ్బు లేనట్టు కనిపించొచ్చు. ల్యాబ్ పరీక్షలకు ఈ చిక్కుందని అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. రక్తం ఇచ్చేముందే చెబితే, ఎన్నాళ్లు ఆపాలో డాక్టరు చెబుతారు.

హెచ్‌ఐవీ రాకుండా ముందుజాగ్రత్తగా వేసుకునే మందుల్నీ దాచకూడదు. వాటివల్ల యాంటీబాడీలు ఆలస్యంగా బయటపడొచ్చు. అసలు మాత్రలకన్నా తొందరపాటుతోనే ఎక్కువ ముప్పు. యాంటీబాడీ పరీక్షలో ‘లేదు’ అని తేలడానికి మూణ్నెల్లు ఆగాలి.

ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీల్లో ఈ పరీక్ష ఉచితం. పాజిటివ్ అని తేల్చేముందు మూడు వేర్వేరు కిట్లతో చూస్తారు. 2017 చట్టం ప్రకారం వివరాలు గోప్యంగా ఉంచాలి. అడగడానికి మొహమాటమైతే 1097కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.