తీసేశారా? కాదు, తనే వచ్చేసింది

"మూడేళ్లకని వెళ్లి పదినెలలకే వచ్చేసిందటగా, తీసేశారా?" బీసెంట్ రోడ్డులో జాకెట్టు ముక్కలు బేరమాడుతుంటే తెలిసినావిడ అడిగింది, మా చెల్లెలి గురించి.

ఇక్కడే, గవర్నర్‌పేటలో లెక్కల టీచరు. 2023 ఆగస్టులో జె-1 వీసా మీద ఎక్స్ఛేంజ్ టీచరుగా అమెరికా బడికి వెళ్లింది. ఆ వీసాకి గడువు మూడేళ్లు, ఆపైన ఒకటి రెండేళ్లు పొడిగిస్తారు. అంతేగానీ అన్నాళ్లూ ఉండితీరాలని కాదండీ! ఈ సంగతి మనవాళ్లకి ఎక్కదు.

మార్చిలో ఫోన్ చేసింది. "అక్కా, పాప నాతో మాట్లాడనంటోంది, వచ్చేయనా?"

"అప్పు తీరేదాకా ఓర్చుకోవే" అన్నాను. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తనే తేల్చుకుంది. బడి పిల్లల్ని మధ్యలో వదలకుండా విద్యాసంవత్సరం పూర్తిచేసింది. కాంట్రాక్టు ఒకటికి రెండుసార్లు చదువుకుని, బడికీ, వీసా స్పాన్సరుకీ ముందుగానే రాసిచ్చింది. స్పాన్సరుకి చెప్పకుండా మానేస్తే వీసాకే చిక్కు.

అప్పు ఇంకా లక్షన్నర ఉంది. అమ్మ గాజులు బ్యాంకులోనే ఉన్నాయి.

వచ్చిన కొత్తలో పాప వారంరోజులూ నా పక్కనే పడుకుంది. ఎనిమిదోనాటి రాత్రి దిండు చంకన పెట్టుకుని వాళ్లమ్మ గదిలోకి వెళ్లింది.