పట్టీ కూడా మందే!

"ఒంటి మీద అతికించేదే కదా, ఏటవుతాది?" నొప్పి పట్టీ గురించి మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో చాలామంది మాట ఇదే. మాత్రయితే కడుపులోకి పోతుంది, సూదయితే రక్తంలోకి పోతుంది, పట్టీ మాత్రం పైపైనే ఉంటుందని మన లెక్క. ఆ లెక్క తప్పు ఫ్రెండ్స్.

పట్టీలు ముఖ్యంగా రెండు రకాలు. మోకాలికో నడుముకో వేసుకునే డైక్లోఫెనాక్ పట్టీ ఎక్కువగా అతికించిన చోటే పనిచేస్తుంది. రెండో రకం చర్మం గుండా రక్తంలోకి మందు పంపి ఒళ్లంతా పనిచేస్తుంది. ఇలాంటి వాటిలో మొదటిదానికి అమెరికాలో 1979లో అనుమతి వచ్చింది. అది ప్రయాణంలో వాంతులు ఆపే స్కోపాలమైన్ పట్టీ. సిగరెట్ మానడానికి వాడే నికోటిన్ పట్టీ, క్యాన్సర్ లాంటి తీవ్రమైన నొప్పికి డాక్టర్లు రాసే ఫెంటనిల్, బ్యూప్రెనార్ఫిన్ పట్టీలు కూడా ఈ రకమే.

ఇది ఎలా పనిచేస్తుంది? మనం చదువుకున్న ఫిక్ సూత్రమే. గాఢత ఎక్కువున్న పట్టీ నుంచి తక్కువున్న ఒంట్లోకి మందు మెల్లగా వెళ్తుంది. చర్మం పై పొర అడ్డుగోడలా ఆ వేగాన్ని అదుపులో ఉంచుతుంది. వేడి తగిలితే ఆ అదుపు తప్పుతుంది. జ్వరంతో ఒళ్లు 40 డిగ్రీల సెల్సియస్‌కి చేరితే రక్తంలో ఫెంటనిల్ సుమారు మూడో వంతు పెరగవచ్చని అంచనా. కాబట్టి పట్టీ మీద ఉప్పుమూట కాపడం, వేడినీళ్ల బ్యాగు పెట్టకూడదు. దాన్ని మండుటెండకీ తగలనివ్వకూడదు. ఫెంటనిల్ పట్టీ ఉన్నవాళ్లకి జ్వరం వస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి.

ఇది మనకి మరీ ముఖ్యం ఎందుకంటే, మన పక్కనే ఉద్దానం ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు పూర్తి కారణం ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. "మాత్ర వద్దన్నారు కదా, పట్టీ వేసుకుందాం" అనిపించడం సహజం. పట్టీ నుంచి రక్తంలోకి చేరేది తక్కువే, కానీ సున్నా కాదు. రెండు మూడు ఒకేసారి వేసి, పైగా మాత్ర కూడా మింగితే అదంతా కలిసేది ఆ కిడ్నీ దగ్గరే. అందుకే కిడ్నీ జబ్బున్నవాళ్లు పట్టీకి కూడా డాక్టరునే అడగాలి.

వాడేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

• కొబ్బరినూనె, క్రీమ్, చెమట లేని పొడి చర్మం మీదే అతికించాలి. వెంట్రుకలుంటే కత్తెరతో కత్తిరించాలి, గొరగొద్దు. పుండు, గాయం మీద వద్దు.
• అరచేతితో అర నిమిషం నొక్కి పట్టాలి. తర్వాత చేతులు కడుక్కోవాలి.
• డాక్టరు చెప్పకుండా పట్టీని ముక్కలు చేయొద్దు. కొన్నింటిలో మందు ఒక్కసారిగా బయటికి వచ్చేస్తుంది.
• ఎప్పుడు వేశారో క్యాలెండర్‌లో రాయండి. ఫెంటనిల్ పట్టీ సాధారణంగా 72 గంటలు. బ్యూప్రెనార్ఫిన్‌లో ఏడు రోజులుండేవీ ఉన్నాయి. పాతది తీశాకే కొత్తది, అదీ వేరే చోట.
• ఎమ్మారై స్కాన్‌కి వెళ్తే పట్టీ ఉందని ముందే చెప్పండి. కొన్నింటి వెనక లోహపు పొర ఉంటుంది, చర్మం కాలొచ్చు.

తీసేసిన పట్టీలో కూడా మందు మిగిలే ఉంటుంది. వాడేసిన ఫెంటనిల్ పట్టీ తగిలి, నోట్లో పెట్టుకుని పిల్లలు చనిపోయిన ఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. జిగురు వైపు లోపలికి మడిచి, పిల్లలకి అందకుండా ఉంచి, ఎలా పారేయాలో ఇచ్చిన ఆసుపత్రినే అడగండి.

ఫెంటనిల్, బ్యూప్రెనార్ఫిన్ పట్టీ వేసుకున్న మనిషి లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, ఊపిరి బాగా నెమ్మదించినా పట్టీ పీకేసి 108కి ఫోన్ చేయండి. తీసేశాం కదా అని ఊరుకోవద్దు. చర్మంలో చేరిన మందు గంటల తరబడి రక్తంలోకి వస్తూనే ఉంటుంది.

పట్టీ పెట్టె మీద రాసింది చాలావరకు ఇంగ్లీషే. అది మన అమ్మమ్మలు, తాతయ్యలు చదవలేరు, మనం చదవగలం. ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఆ పెట్టె ఒకసారి చేతిలోకి తీసుకుని, అందులో ఉన్నది వాళ్లకి మన భాషలో చెప్పండి.