నవ్వు పెట్టిన అన్నము

హాస్యకరుణములు పరస్పర విరోధి రసములని మన ఆలంకారికులు చెప్పిరి. కాని 1986 ఏప్రిల్ నెలలో లండను నగరమందలి షాఫ్ట్స్‌బరీ నాటకశాలలో ఆ రెండును చేతులు కలిపినవి.

ఇథియోపియా క్షామమునకు చలించి రిచర్డ్ కర్టిస్, లెన్నీ హెన్రీ 1985లో నెలకొల్పిన 'కామిక్ రిలీఫ్' సంస్థకై జరిగిన ప్రదర్శనమది. రిక్ మేయల్, రోవాన్ అట్కిన్సన్ మొదలగు హాస్యనటులతోపాటు గాయని కేట్ బుష్ కూడ అందు పాల్గొనెను. ఆ ప్రదర్శనమే 'అటర్లీ అటర్లీ లైవ్' అను పేర రికార్డుగా వెలువడెను. అది కొన్నవారికి వినోదము, ఆకొన్నవారికి అన్నము.

ఆ నటులలో పలువురు 'ప్రత్యామ్నాయ హాస్య' మార్గమునకు చెందినవారు. పరజాతులను, స్త్రీలను హేళనచేసి నవ్వించు పాత పద్ధతిని ఆ మార్గము విడనాడినది. దుర్బలుని చూచి నవ్వనివాడే దుర్బలునికొరకు నవ్వింప నర్హుడు గదా!