అలసినవారికో వేడి ముద్ద

రాత్రంతా సరస్సు మీద శ్రమపడిన ఏడుగురు శిష్యులు తెల్లవారాక ఒడ్డుకు చేరారు. అక్కడ నిప్పులు రాజుకుంటున్నాయి. వాటి మీద చేపలున్నాయి, రొట్టె కూడా ఉంది (యోహాను 21వ అధ్యాయం). మరణాన్ని జయించి లేచిన ప్రభువు అలసిన తనవారికోసం భోజనం సిద్ధం చేసి ఎదురు చూస్తున్నాడు. అది గొప్ప విందేమీ కాదు. వారు పట్టిన 153 చేపల్లోంచి కూడా కొన్ని తెమ్మన్నాడు. రమ్మని పిలిచి, తానే వడ్డించాడు.

ఈ వాక్యభాగం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాం. పేతురును ప్రభువు మళ్లీ నిలబెట్టిన తీరు చెప్పాం, గొర్రెలను మేపమన్న ఆజ్ఞ చెప్పాం. ఆ నిప్పుల గురించి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఆ పాఠం మాకు వంటింట్లో దొరికింది.

మా శ్రీమతి ఉపాధ్యాయురాలు. రెండు బస్సులు మారి సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరేది. మేము విశ్వాసుల గృహాలు దర్శించి ఎనిమిదింటికి వచ్చేసరికి అన్నం, పప్పు, వేపుడు, చారు అన్నీ ఉండాల్సిందే. ఒకటి తగ్గినా మా ముఖం మాడేది. 'మీరూ పిల్లలూ తినేయండి, నాకు ఆకలిగా లేదండీ' అనేది ఆమె. ఒక రాత్రి మంచినీళ్లకోసం లేచి చూస్తే, వంటింటి గట్టుకు ఆనుకుని నిలబడి చల్లారిన అన్నం తింటోంది. మార్తలా పనుల్లో పడి కలవరపడవద్దని (లూకా 10:38-42) ఆ ముందు ఆదివారమే సంఘంలోని స్త్రీలకు గట్టిగా బోధించాం. మా ఇంట్లో మార్తను తయారు చేసింది మేమేనని ఆ రాత్రి అర్థమైంది. సిగ్గుతో తల వంచుకున్నాం.

మర్నాటినుంచి ఒక నియమం పెట్టుకున్నాం. పనిరోజుల్లో రాత్రికి ఒకటే వంటకం, అది ఇద్దరి బాధ్యత. ముందుగా మేము నేర్చుకున్నది పులగం. గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, నాలుగున్నర గ్లాసుల నీళ్లు, పసుపు, ఉప్పు. పప్పు నానబెట్టే పని కూడా లేదు. కుక్కర్ నాలుగు కూతలు వేశాక దించి, ఆవిరి పోయిన తర్వాత నేతిలో జీలకర్ర, మిరియాలు, కరివేపాకు పోపు పెడితే చాలు. పక్కన పెరుగు, ఆవకాయ. మరో రోజు కోడిగుడ్డు పొరటు, ఇంకో రోజు కూరగాయలు వేసిన ఉప్మా. శనివారం చింతపండు పులుసు నూనెలో ఉడికించి, పోపు పెట్టి ఫ్రిజ్‌లో దాచుకుంటే వారం మధ్యలో వేడి అన్నంలో కలుపుకోవడమే. ఉల్లిపాయలు తరగడం మా వంతు, కంచాలు పెట్టడం పిల్లల వంతు.

మొదటి రోజు మా పులగం అడుగంటింది. పిల్లలు పడీపడీ నవ్వారు. అయినా ఆ రాత్రి నలుగురం కలిసి కూర్చున్నాం. ఆకలి లేదన్న మాట ఆమె నోట రాలేదు. భోజనం తర్వాత కుటుంబ ప్రార్థనలో ఎవరూ కునికిపాట్లు పడలేదు. పగతో తినే కొవ్విన ఎద్దు మాంసంకన్నా ప్రేమతో తినే ఆకుకూర మేలని సామెతల గ్రంథం (15:17) చెప్పేది ఇదే కదా!

ప్రియ సహోదరులారా, ఇంటి దీపం వెలిగించే చేతులు కూడా అలసిపోతాయి. ప్రభువు చేసిన పని మన గౌరవానికి తక్కువదెలా అవుతుంది? మూడు కూరలు కావాలని పట్టుపట్టకండి. ఈ రాత్రి మీరే పొయ్యి వెలిగించండి. పులగం కాస్త మాడినా ఫరవాలేదు. వేడివేడిగా మొదటి ముద్ద మాత్రం ఆమె కంచంలో వడ్డించండి.