మిర్చి, ప్రత్తి వ్యాపారంలో వాడుక నిలుపుకొనే విధం
రైతును అప్పుతో కట్టివేసిన కొట్టు కంటే పట్టీ సరిగా ఇచ్చిన కొట్టుకే సరుకు రాబడి

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలో మిర్చి, ప్రత్తి పండించే రైతుకు సరుకు అమ్ముకోవడానికి నేడు ఒక్క గుమ్మం కాదు, అయిదారు గుమ్మాలు వున్నాయి. వూళ్ళోకే వచ్చి కళ్లంలో బేరం చేసే దళారి ఒకడు. లారీకి వేస్తే గుంటూరు యార్డు. వత్సవాయి, పెనుగంచిప్రోలు వైపు వారికి ఖమ్మం మార్కెట్టు కూడా అందుబాటులోనే వుంటుంది. ప్రత్తి అయితే జిన్నింగు మిల్లు, లేదా భారత ప్రత్తి సంస్థ కొనుగోలు కేంద్రం. ధర నచ్చకపోతే శీతల గిడ్డంగిలో పెట్టి రసీదు జేబులో వేసుకొనే వీలూ వుంది. ఇన్ని దారులు వున్న రైతు ఏటా ఒకే కమీషన్ కొట్టుకు సరుకు ఎందుకు దింపాలన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోలేని వ్యాపారికి ముందు ముందు కాటా దగ్గర పని తగ్గిపోతుంది.

వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టిన ఈ వూరికి పేట అన్న మాటలోనే అంగడి వున్నది. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి విడిపోయి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినా సరుకు నడిచే దారులు మాత్రం మారలేదు. ఇక్కడి వ్యాపారస్తులు 'వాడుక' అని పిలిచేదాన్నే విదేశాలలో పెద్ద కంపెనీలు ఒక శాస్త్రంగా తయారు చేసుకున్నాయి. కొత్త ఖాతాదారును వెతుక్కోవడం కంటే వున్నవాణ్ణి నిలుపుకోవడం మీద శ్రద్ధ పెట్టాలన్న వాదాన్ని 1983లో లెనార్డ్ బెర్రీ అనే అమెరికన్ ఆచార్యుడు ఒక పేరు పెట్టి ప్రతిపాదించాడు. 1990ల నుంచి దానికి కంప్యూటరు తోడై, కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్ అనే పేరుతో సాఫ్టువేరుగా అమ్మకానికి వచ్చింది.

ఆ పేరు విని బెదరవలసింది లేదు. మన కొట్లలో చిట్టా రోజువారీది, ఆవర్జా పేరువారీది. రోజు జరిగినదంతా చిట్టాలోకి ఎక్కుతుంది. అందులోంచి ఒక్కొక్క మనిషి పద్దు విడదీసి ఆవర్జాలో అతని పుటకు చేరుస్తారు. కంపెనీలు లక్షలు పోసి కొంటున్న సాఫ్టువేరు మూలంలో ఈ ఆవర్జాయే. తేడా ఒక్కటే: మన ఆవర్జాలో రూపాయలు మాత్రమే వుంటాయి. ఆ రైతు ఏ రకం వేశాడు, పోయిన ఏడాది ఎన్ని టిక్కీలు తెచ్చాడు, ఏ లాటులో తాలు ఎక్కువ వచ్చింది, తూకంలో ఏ తగాదా పడ్డాడు, సొంత భూమా కౌలా - ఇవేవీ వుండవు. అవన్నీ గుమాస్తా తలలో వుంటాయి. గుమాస్తా మానేసి ఎదురుగా సొంత కొట్టు పెట్టిన రోజున వాడుక సగం అతని వెంట వెళ్లిపోవడానికి కారణం ఇదే. గుమాస్తా ద్రోహం చేశాడని యజమాని వాపోవడం పరిపాటి. నిజానికి ఆ రైతులు ఎన్నడూ యజమాని ఖాతాదార్లు కారు, గుమాస్తా ఖాతాదార్లే.

కమీషన్ వ్యాపారంలో వున్న చిక్కు ఏమిటంటే, ఇందులో ఖాతాదార్లు ఇద్దరు. అమ్మే రైతు ఒకరు, కొనే ఎగుమతిదారు లేక మసాలా కంపెనీ మనిషి మరొకరు. ఒకరికి ఎక్కువ రావాలి, మరొకరికి తక్కువ పడాలి. కిరాణా కొట్టు వానికి, బట్టల కొట్టు వానికి లేని ఇబ్బంది ఇది. కొనుగోలుదారు మెప్పు కోసం రైతు సరుకును తక్కువకు కొట్టేస్తే మరుసటి ఏడు లారీ వేరే కొట్టు ముందు ఆగుతుంది. రైతు మాట కాదనలేక తాలు కలిసిన లాటును మేలురకం మచ్చు చూపి అమ్మితే, కొనుగోలుదారు ఆ కొట్టు ముందు ఆగడమే మానేస్తాడు. పైకి రెండూ ఎదురెదురుగా కనబడుతున్నా రెంటికీ మందు ఒకటే: మచ్చు ఎలా వుందో లాటు అలాగే వుండడం.

మిర్చిలో ఈ విషయం మరీ ముఖ్యం. బస్తాలకు తొక్కేటప్పుడు కాయ చిట్లకుండా నీళ్ళు చిలకరించడం పాత అలవాటు. అది మోతాదు మించితే తేమ నిలిచి బూజు పడుతుంది, విషపు బూజు పరీక్షలో సరుకు తేలిపోతుంది. 2003లో యూరపులో భారతదేశపు మిర్చి ఉత్పత్తులలో సుడాన్ అనే నిషేధపు రంగు బయటపడినప్పుడు తప్పు చేసింది ఎవరో కొద్దిమంది. పరీక్షల భారం మాత్రం ఎగుమతి వ్యాపారం మొత్తం మీద పడింది. అప్పటి నుంచి విదేశీ కొనుగోలుదారు సరుకు ఎక్కడి నుంచి వచ్చిందని వెనక్కు వెనక్కు అడుగుతున్నాడు. ఏ లాటు ఏ రైతుదో, ఏ తేదీన దిగిందో చెప్పగల కొట్టుకు ఆ అడగడమే లాభం. తేజ లాటు కావాలన్న కంపెనీకి ఫలానా మూడు గ్రామాల సరుకు ఫలానా వారంలో వస్తుందని ముందుగా చెప్పగలిగితే, ఆ కంపెనీ మనిషి మరొక గుమ్మం తొక్కవలసిన అవసరమే వుండదు.

రైతు వైపు నుంచి చూస్తే అతన్ని నిలిపేదీ పోగొట్టేదీ పట్టీ. తూకం, ధర, కమీషన్, హమాలీ, కాటా కూలి, ముందు తీసుకున్న అప్పు, వడ్డీ - అన్నీ విడివిడిగా రాసి, చివరి మొత్తం అతని చేతికి ఇచ్చే ఆ చిన్న కాగితం మీదనే వాడుక నడుస్తుంది. రైతు ఇంటికి వెళ్ళి చదువుకునే కొడుకు చేత దాన్ని చదివిస్తాడు. అర్థం కాని కోత ఒక్కటి కనబడినా అది మనసులో వుండిపోతుంది. అడగడు. అడిగి తగాదా పడిన రైతు ఇంకా మనవాడే. అడగకుండా వెళ్ళినవాడే తిరిగి రాడు.

తరుగు పేరిట టిక్కీకి కిలో చొప్పున తీసే అలవాటును లెక్క వేసి చూడవచ్చు. ఒక రైతు మూడు ఎకరాలలో ఎకరాకు 20 క్వింటాళ్ళ చొప్పున 60 క్వింటాళ్ళు దింపాడనుకుందాం. 40 కిలోల టిక్కీలైతే 150 టిక్కీలు. ధర క్వింటాలుకు 11,781 రూపాయలు అనుకుంటే - ఇది 2025 ఫిబ్రవరిలో మిర్చి ధరలు పడిపోయినప్పుడు మార్కెట్టు జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్‌కు 2,91,000 టన్నుల వరకు కేంద్రం నిర్ణయించిన ధర - సరుకు విలువ 7,06,860 రూపాయలు. నూటికి రెండు చొప్పున లెక్క వేస్తే కమీషన్ 14,137 రూపాయలు. తరుగు 150 కిలోల విలువ 17,671 రూపాయలు. అంటే తరుగులో వచ్చేది ఏడాది కమీషన్ కంటే ఎక్కువ! ఆశ పుట్టడంలో వింత లేదు. కాగా, ఆ రైతు మనసు విరిగి మరుసటి నాలుగేళ్ళు రాకపోతే పోయే కమీషన్ 56,548 రూపాయలు. అతనితో పాటు అదే ట్రాక్టరులో సరుకు వేసే బావమరిది, పక్క చేనివాడు కూడా వెళ్ళిపోతే ఆ నష్టం ఏ పద్దులోనూ కనబడదు. రాని సరుకుకు చిట్టాలో చోటు లేదు కదా.

ఇక పెట్టుబడి అప్పు సంగతి. నారు పోసే నాటి నుంచి కోతల వరకు ఎరువులు, పురుగుమందులు, కూలీల ఖర్చుకు అడ్వాన్సు ఇచ్చి, పంట మన కొట్టుకే దింపాలన్న ఒడంబడికతో రైతును నిలుపుకోవడం ఈ ప్రాంతంలో చిరకాలంగా వున్న పద్ధతి. దీన్ని పూర్తిగా తప్పు పట్టనక్కరలేదు. ముఖ్యంగా కౌలు రైతుకు పట్టాదారు పుస్తకం చేతిలో వుండదు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చినా బ్యాంకు గుమ్మం ఎక్కడం అందరికీ సులువు కాలేదు. అతనికి కమీషన్ కొట్టే బ్యాంకు. అయితే అప్పు వున్నందున వచ్చే రైతును వాడుక రైతుగా లెక్కించుకోవడం ప్రమాదకరం. అప్పు తీరిన ఏడాది అతను వస్తాడా రాడా అన్నదే పరీక్ష. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను దెబ్బ తీసినప్పుడు అడ్వాన్సులు ఇచ్చిన వ్యాపారులకు ఇదే సమస్య ఎదురైంది. పంట లేని ఏడాది వడ్డీకి వడ్డీ కట్టి నోటు తిరగరాయించుకుంటే పుస్తకంలో బాకీ పెరుగుతుంది గాని వసూలు పెరగదు. గడువు పొడిగించి, మరుసటి పంటకు కొద్దిపాటి సాయం చేస్తే ఆ బాకీ రాబట్టుకొనే అవకాశం మెరుగు. ఇది దయ విషయం కాదు, వసూలు విషయం.

అందరినీ నిలుపుకోవాలని కూడా లేదు. పదిహేను రోజుల వాయిదా అని చెప్పి రెండు నెలలు తిప్పే కొనుగోలుదారు పెద్ద ఆర్డరు ఇస్తున్నా సరే, అతని వల్ల రైతులకు డబ్బు ఆలస్యమవుతుంది. రైతు కొనుగోలుదారును ఎరగడు, కొట్టునే ఎరుగును. మాట పోయేది కొట్టుకే. ఒక్కొక్క కొనుగోలుదారుకు ఎంతవరకు అరువు ఇవ్వవచ్చో ఆవర్జా పుట పైన రాసి పెట్టి, అది దాటితే కాటా ఆపడం మంచిది. ఇటువంటి వాడుక ఒకటి రెండు వదులుకున్న కొట్లు నష్టపోయిన దాఖలాలు తక్కువ.

ధరల విషయంలో వ్యాపారి నోరు జాగ్రత్తగా వుండాలి. నిలవ పెట్టు, పెరుగుతుంది అని చెప్పిన మాట నిజమైతే రైతు తన తెలివే అనుకుంటాడు. ధర దిగితే కొట్టువాడు ముంచాడంటాడు. శీతల గిడ్డంగి అద్దె, అప్పు వడ్డీ ఎక్కుతూ వుండగా ధర జారిన రైతుకు నచ్చజెప్పడం ఎవరి తరమూ కాదు. చేయదగిన పని, రోజూ గుంటూరు, ఖమ్మం ధరలు రకాలవారీగా ఫోనులో పంపడం, గిడ్డంగిలో వుంచితే నెలకు ఎంత ఖర్చు పడుతుందో లెక్క చెప్పడం. అమ్మాలా వద్దా అన్నది అతని నిర్ణయం.

ప్రత్తిలో పరిస్థితి వేరు. 2025-26 సీజనుకు పొడవు పింజ ప్రత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. బజారు ధర దీనికి దిగువన వున్నప్పుడు ప్రైవేటు వ్యాపారి ఎంత మంచివాడైనా పోటీ పడలేడు. ప్రత్తి సంస్థ కేంద్రంలో తేమ 8 శాతం వుంటే పూర్తి ధర, 12 శాతం వరకు తగ్గింపుతో కొనుగోలు, అది దాటితే తిరుగు బండి. ఆ సీజనులో కపాస్ కిసాన్ అనే ఫోను యాప్‌లో ముందుగా సమయం నమోదు చేసుకోవాలన్న నిబంధన కూడా వచ్చింది. అటువంటప్పుడు రైతును ఆపి, తేమ పేరు చెప్పి తక్కువకు కొనే ప్రయత్నం చేసేవారున్నారు. రెండు రోజులు ఆరబెట్టుకు రమ్మని చెప్పి, యాప్‌లో నమోదుకు గుమాస్తాను తోడిచ్చేవారూ వున్నారు. రెండోవారికి ఆ ప్రత్తి మీద పైసా రాదు. కాని అదే రైతుకు పక్క చేలో మిర్చి వుంటుంది. సంక్రాంతి దాటాక ఆ టిక్కీలు ఎవరి కొట్టుకు వస్తాయో వేరే చెప్పనక్కరలేదు.

విత్తనాలు, పురుగుమందులు కూడా అమ్మే కొట్లు మరొక సంగతి గమనించాలి. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్ళవచ్చునని 2012లో జాతీయ విత్తనాల సంస్థ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు పుట్టింది ఆంధ్రప్రదేశ్ రైతుల ఫిర్యాదుల నుంచే. 1986 నాటి చట్టం స్థానంలో 2020 జూలై నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం కింద అమ్మినవాని బాధ్యత ఇంకా స్పష్టమయింది. లాటు నంబరు వేసిన బిల్లు ఇవ్వడం రైతుకు రక్షణ, కొట్టుకూ రక్షణ. మొలక రాలేదని రైతు వచ్చినప్పుడు కంపెనీ వాణ్ణి అడుగు అని పంపేస్తే అతను నేరుగా ఫోరానికే వెళతాడు. ఆ రోజే చేను చూసి, కంపెనీ ప్రతినిధిని పిలిపించి, తేదీతో సహా ఆవర్జాలో రాసుకున్న కొట్టుకు మాత్రం తరువాత ఏం జరిగినా చెప్పుకొనేందుకు కాగితం వుంటుంది.

పుస్తకమా, కంప్యూటరా అన్నది తరువాతి మాట. రెండు వందల మంది రైతులున్న కొట్టుకు ఆవర్జాలో అదనంగా నాలుగు గళ్ళు గీసినా సరిపోతుంది. అంతకు మించితే ఫోనులోనో కంప్యూటరులోనో పెట్టుకోవడం సులువు. అయితే ఆధార్ నకళ్ళు, బ్యాంకు ఖాతాల నంబర్లు కొట్టులో అందరి చేతులలో తిరిగే ఫోనులో వుంచడం తగదు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం వచ్చింది. చట్టం మాట అటుంచినా, తన ఖాతా సంగతి పక్కవాడికి తెలిసిందని ఎరిగిన రైతు మళ్ళీ రాడు.

మే నెలలో గుంటూరు యార్డుకు వేసవి సెలవులు ఇచ్చినప్పుడు ఈ ప్రాంతపు కొట్లలో కూడా పని పలచబడుతుంది. రెండేళ్ళ ఆవర్జాలు పక్కపక్కన పెట్టి, మొన్నటి ఏడు సరుకు దింపి ఈ ఏడు దింపని పేర్లు ఒక కాగితం మీద రాసుకోవడానికి అది అనువైన సమయం. ఆ జాబితాలో వున్నవారిని నార్లు పోయకముందే కలవాలి. గుమాస్తాను పంపకుండా యజమానే వెళ్ళాలి. రాకపోవడానికి కారణం గుమాస్తాయే అయి వుండవచ్చు.